కాలేజీ డిబేట్‌కి వివాదాస్పద వక్తని పిలుస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా డిసెంబరు, జనవరి వచ్చేసరికి నా ఫోన్‌కి ఒకే రకం కాల్స్ మొదలవుతాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఎక్కడో ఒకచోట నుంచి ఒక స్టూడెంట్ కోఆర్డినేటర్. "సార్, ఆయన్ని పిలిచేశాం. గొడవయ్యేలా ఉంది. ఏం చేయమంటారు?" ఇరవై ఏళ్ళు కాలేజీలో డిబేట్ క్లబ్ చూసుకున్నాను, రిటైరైనా ఆ టెన్షన్ నన్ను వదల్లేదు. చెప్పిందే చెప్పేకంటే రాసి పెట్టడం నయమనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. నేను లాయర్ని కాను. కేసు దాకా వస్తే మాత్రం లాయర్ దగ్గరికే వెళ్ళండి.

## పిలవక ముందు

ఫలానా ఆయన్ని పిలుద్దామంటే కమిటీలో సగం మంది వద్దంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

రెండు సంగతులు చూడండి. ఆ విషయం మీద ఆయన దగ్గర చెప్పడానికి సరుకు ఉందా? ఆయన మాటకి అదే వేదిక మీద దీటుగా జవాబు చెప్పే మనిషి మీకు దొరికాడా? రెండూ ఉంటే పిలవండి. జనం పోటెత్తుతారనో, యూట్యూబ్‌లో వ్యూస్ వస్తాయనో పిలుస్తుంటే మానుకోండి. రేపు డీన్ గారు "ఈయన్నే ఎందుకు పిలిచారు?" అని అడిగితే నీళ్ళు నములుతారు.

ఈ వాదనలన్నీ ఆహ్వానం పంపక ముందే అయిపోవాలి. ఎవరినైనా పిలవకపోవడం మీ ఇష్టం, దానికి సంజాయిషీ అక్కర్లేదు. పిలిచి, ఫ్లెక్సీ కట్టి, ఎవరో అరిచారని రావద్దనడం పెళ్ళికి శుభలేఖ ఇచ్చి గుమ్మంలో ఆపడం లాంటిది. ఆ పని నేనూ ఒకసారి చేశాను. నేను ఫోన్ చేసేసరికే ఆయన బండి సామర్లకోట దాటింది. మొహం చెల్లక స్టేషన్‌కి వెళ్ళి ప్లాట్‌ఫాం మీదే విషయం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "తిరుగు బండి ఎన్నింటికండి?" అని మాత్రం అడిగారు. ఆయన అభిప్రాయాలు నాకు ఇప్పటికీ నచ్చవు. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వాక్ స్వాతంత్ర్యం ఉంది కాబట్టి మా హాల్లో మాట్లాడే హక్కు ఆయనకి ఉందంటున్నారు. నిజమేనా?

మాట్లాడే హక్కు ఉంది. మీ హాలూ మీ మైకూ ఇచ్చి తీరాలనే హక్కు లేదు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 19(1)(ఎ) ప్రధానంగా ప్రభుత్వం పౌరుల నోరు నొక్కకుండా అడ్డుపడుతుంది. ప్రభుత్వ యూనివర్సిటీ కూడా ఈ లెక్కలో ప్రభుత్వమే. అందువల్ల అక్కడ ఒక చిక్కుంది. ఒక సంఘానికి హాల్ ఇచ్చి, అదే రూల్ ప్రకారం దరఖాస్తు పెట్టిన ఇంకో సంఘానికి వాళ్ళ అభిప్రాయం నచ్చక ఇవ్వకపోతే, అందరూ చట్టం ముందు సమానమనే ఆర్టికల్ 14 కింద నిలదీయొచ్చు. ప్రైవేటు కాలేజీల్లో మాత్రం హాల్ విషయంలో చాలావరకు యాజమాన్యం మాటే చెల్లుతుంది.

అసలు చట్టం ఏ మాటల్ని ఒప్పుకోదు?

ఆర్టికల్ 19(2) లో ఎనిమిది కారణాలున్నాయి: దేశ సార్వభౌమత్వం–సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, సభ్యత–నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురిగొల్పడం. వీటి కోసం చట్టం చేసి, అదీ సమంజసమైన మేరకే, మాటకి హద్దు పెట్టొచ్చు. "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అనేది దానంతట అదే ఈ జాబితాలో లేదు. అయితే మత విశ్వాసాల్ని కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 299 వర్తిస్తుంది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే సెక్షన్ 196. పాతవాళ్ళు 295ఏ, 153ఏ అనేవి ఇవే. 2024 జులై 1 నుంచి నంబర్లు మారాయి.

ఇక్కడ అందరూ తడబడేది ఒక్కచోటే. ఒక పని చట్టవిరుద్ధమైతే దాన్ని సమర్థించి మాట్లాడటం కూడా నేరమేనా అని. కాదు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో, ఇంటర్నెట్‌లో పెట్టిన మాటలకి శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు చర్చ, సమర్థన, పురిగొల్పడం అని మూడింటినీ విడదీసింది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా స్వేచ్ఛలో భాగమే, మూడో మెట్టు ఎక్కినప్పుడే చట్టం అడ్డుకోవచ్చు అంది.

మన దగ్గర దీనికి కోడిపందాల కంటే మంచి ఉదాహరణ లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం, రెండిటి ప్రకారమూ అవి నేరమే. అయినా ఒక సంక్రాంతికి ముందు మేం "కోడిపందాలు మన సంస్కృతి" అని డిబేట్ పెట్టి, పందేల్లో పండిపోయిన ఒక పెద్దాయన్ని పిలిచాం. తెల్ల పంచె, చంకలో డేగ రకం పందెం పుంజు. పుంజుని వదిలి రమ్మంటే వినలేదు. డయాస్ మీద దాని తల నిమురుతూ ఇరవై నిమిషాలు మాట్లాడారు. చట్టం మార్చాలన్నారు, బిర్యానీ తినేవాళ్ళు తనకి జాలి గురించి చెప్పడమేమిటన్నారు. అంతవరకూ సమర్థనే. చివర్లో హుషారెక్కి "భోగి రోజు మా బరికి రండి, కత్తులు కట్టే..." అనబోతుంటే మోడరేటర్ బెల్లు కొట్టాడు. ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఎలాంటివాళ్ళనైనా పిలుస్తారంట కదా. మనకెందుకు భయం?

పిలుస్తారు, గొడవలూ పడతారు. 1823లో పుట్టిన ఆక్స్‌ఫర్డ్ యూనియన్ యూనివర్సిటీలో భాగం కాదు, చందా కట్టే సభ్యుల సంఘం. 2007 నవంబరులో వాళ్ళు డేవిడ్ ఇర్వింగ్‌నీ నిక్ గ్రిఫిన్‌నీ పిలిచారు. ఇర్వింగ్ యూదుల ఊచకోత జరగలేదని చెప్పినందుకు ఆస్ట్రియాలో జైలుకి వెళ్ళొచ్చినవాడు. గ్రిఫిన్ అక్కడి తీవ్ర మితవాద పార్టీ నాయకుడు. నిరసనకారులు హాల్లోకి చొరబడ్డారు, సభ ఆలస్యమైంది, చివరికి ఇద్దరు వక్తల్నీ వేరు వేరు గదుల్లో మాట్లాడించారు. ఆ రాత్రి ఎవరేం మాట్లాడారో ఎవరికీ గుర్తులేదు, గలాటా ఒక్కటే గుర్తు.

దాని పక్కన 1965 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ యూనియన్‌లో జరిగింది పెట్టి చూడండి. అమెరికా కలని నల్లవాళ్ళ నెత్తి మీద కట్టారా అన్నది ఆ రోజు చర్చ. నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఒక పక్క, అమెరికా సంప్రదాయవాద పత్రికా సంపాదకుడు విలియం బక్లీ ఇంకో పక్క. బాల్డ్విన్ పక్షానికి 544 ఓట్లు, ఎదుటి పక్షానికి 164. బక్లీని రానివ్వకపోతే బాల్డ్విన్ అక్కడ గెలిచింది దేని మీద? నన్నడిగితే నకలు చేయాల్సింది కేంబ్రిడ్జ్‌ని, 2007 నాటి ఆక్స్‌ఫర్డ్‌ని కాదు.

మన గోదావరి జిల్లాల్లో ఇలాంటి గొడవలు ఎప్పుడూ లేవండి, ఇప్పుడే ఎందుకు?

ఎందుకు లేవు? 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వరసగా ఉపన్యాసాలిచ్చారు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెప్పారు. అప్పటి ప్రభుత్వానికి పాల్ కంటే వివాదాస్పద వక్త ఇంకెవరు? కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకి వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్యలకి దిగారు. కాలేజీ నుంచి వెళ్ళగొట్టినవాళ్ళలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. తర్వాత ఆయన పత్రికా సంపాదకుడై జైలుకెళ్ళారు, గ్రంథాలయోద్యమంలో పెద్ద దిక్కయ్యారు. హంటర్ పేరు ఇవాళ ఆ బహిష్కరణ వల్లే గుర్తుంది.

అంతకు ముందు, 1881 డిసెంబరు 11న, అదే ఊళ్ళో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పట్లో సభలో ఆ మాట ఎత్తడమే గొడవకి పిలుపు. ఇప్పుడు ఆయన విగ్రహానికి మనమే దండలు వేస్తున్నాం.

టాపిక్ ఎలా పెట్టాలి? "ఆక్వా వల్ల డెల్టా నాశనం" అంటే తప్పా?

తప్పు కాదు గానీ దాని మీద వాదించడానికి చోటు లేదు. తీర్పు ముందే ఇచ్చేశారు. "డెల్టాలో వరి పొలాల్ని చెరువులుగా మార్చడం ఇక ఆపాలి" అనండి. అప్పుడు రైతుకీ, కౌలు రైతుకీ, తాగునీటి కాలవ పాడైన ఊరికీ, ఎగుమతిదారుకీ అందరికీ మాట ఉంటుంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు "పంట వేయకపోవడం రైతు హక్కు" అని పెడితే హాల్ సరిపోలేదు. మనిషి పేరుతో, పార్టీ పేరుతో టాపిక్ పెట్టొద్దు. ఎత్తుకోవడమే తిట్లతో ఎత్తుకుంటారు.

కులం, మతం టాపిక్‌లు అసలు వద్దంటారా?

వద్దనను. కులం గురించి మాట్లాడకుండా గోదావరి జిల్లాల గురించి ఏం మాట్లాడతారు? కానీ సమయం చూసుకోండి. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు చేర్చడం మీద అమలాపురంలో మంటలు లేచాయి, ఆ తర్వాత 144 సెక్షన్ పెట్టారు, కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. అలాంటి వారంలో అదే టాపిక్ మీద డిబేట్ పెట్టడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం. ఆరు నెలలాగి పెట్టండి. అప్పుడు పెట్టకపోవడం పిరికితనమే.

ఎదుటి పక్షం మాట్లాడటానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఒక్క వక్తతో కానిచ్చేయమంటారా?

కానిస్తే అది ఉపన్యాసం, డిబేట్ అని ఫ్లెక్సీ కొట్టించకండి. పేరున్నవాళ్ళు "ఆయన పక్కన కూర్చుంటే ఆయనకి విలువ ఇచ్చినట్టవుతుంది" అంటారు. ఆ మాటలో కొంత న్యాయముంది. బతిమాలకండి. మీ ఎంఏ పిల్లల్లో ఒకరికి నెల రోజులు టైమిచ్చి తయారు చేయండి. పేరున్న వక్త పిల్లల్ని తేలిగ్గా తీసుకుని దొరికిపోవడం నేను చాలాసార్లు చూశాను.

## అనుమతులు, ఒత్తిళ్ళు

పోలీసు పర్మిషన్ తప్పనిసరా?

క్యాంపస్ లోపల హాల్లో జరిగే డిబేట్‌కి మామూలుగా సంస్థ అనుమతి చాలు. అయినా స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. వక్త పేరు, టైము, ఎంతమంది వస్తారు, బయటివాళ్ళకి ప్రవేశం ఉందా లేదా, ఇంత రాస్తే చాలు. ఆరుబయట షామియానా వేసి సౌండ్ బాక్సులు పెడితే లిఖితపూర్వక అనుమతి కావాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కుదరదు.

సెక్షన్ 30 అమల్లో ఉందంటున్నారు. సభ మానుకోవాలా?

1861 పోలీసు చట్టంలోని సెక్షన్ 30 ప్రధానంగా రోడ్ల మీద సభలు, ఊరేగింపుల్ని క్రమబద్ధం చేయడానికి. అదే సెక్షన్ ఆధారంగా రోడ్ల మీద సభల్ని కట్టడి చేస్తూ 2023 జనవరి 2న వచ్చిన జీవో 1 ని మన హైకోర్టు ఆ మే నెలలో కొట్టేసింది. నాలుగ్గోడల మధ్య డిబేట్‌కి సెక్షన్ 30 పేరు చెప్పి బెదిరిస్తే, ఉత్తర్వు కాపీ చూపించమని మర్యాదగా అడగండి. పాత 144, అంటే ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పొట్టిగా బీఎన్‌ఎస్‌ఎస్ 163 పెట్టారంటే మాత్రం లెక్క వేరు. ఆ ఉత్తర్వులో ఏం రాశారో చదివి, అవసరమైతే వాయిదా వేయండి.

ఒక సంఘం వాళ్ళు వచ్చి వినతిపత్రం ఇచ్చారు. రద్దు చేయకపోతే అడ్డుకుంటామన్నారు. ఏం చేయాలి?

ముందు కూర్చోబెట్టి టీ ఇవ్వండి. వెటకారంగా అనడం లేదు. వచ్చినవాళ్ళలో సగానికి సగం మంది తమ మాట ఎవరైనా వింటే చాలనుకుంటారు. వినతిపత్రం తీసుకుని, సంతకం పెట్టి ఇచ్చి, "మీలో ఒకరికి ప్రశ్నల టైములో మొదటి ప్రశ్న ఇస్తాం" అనండి. గేటు బయట శాంతియుతంగా నిరసన చేసుకునే హక్కు వాళ్ళకీ ఉంది. అది కూడా వాక్ స్వాతంత్ర్యమే. ప్లకార్డులు పట్టుకుంటారని కంగారు పడకండి.

బెదిరింపు దాకా వెళ్తే, 1989లో రంగరాజన్ కేసులో, ఒక తమిళ సినిమా విషయంలో, సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుంచుకోండి. ఊరేగింపులు చేస్తాం, గొడవ చేస్తాం అని బెదిరించారని భావ ప్రకటనని అణచలేరు, అలా అణచడం బెదిరింపుకి లొంగిపోవడమే అంది. కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. మాట నిజంగా ప్రమాదకరమని చెప్పాలంటే అది మందుగుండులో పడ్డ నిప్పురవ్వలా ఉండాలంది. మీ ఎస్ఐ గారికి ఇచ్చే కాగితంలో ఈ సంగతి రెండు వాక్యాల్లో రాయండి.

ముందు రోజు రాత్రి ఫోన్ చేసి "హాల్ రిపేరు" అన్నారు. నిజంగా రిపేరేనా?

కాదు. కానీ వాదించి లాభం లేదు. ఇంకో తేదీ రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం వస్తే సగం గెలిచినట్టే.

వక్త స్పీచ్ ముందే రాసి ఇమ్మని అడగొచ్చా?

పాయింట్లు అడగండి, అదీ ఎదుటి పక్షం తయారవడానికి. ఇద్దరి దగ్గరా ఒకేలా తీసుకోండి. ప్రసంగం పూర్తిగా తెప్పించుకుని ఎర్ర పెన్నుతో దిద్దకండి. దిద్దిన తర్వాత ఆ మాటలకి మీరు కూడా పూచీ పడ్డట్టవుతుంది.

ఎన్నికల కోడ్ ఉంది. పార్టీ నాయకుణ్ణి పిలవొచ్చా?

ప్రభుత్వ కాలేజీ హాల్లో వద్దు. మన జిల్లాల్లో పట్టభద్రుల, టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికలు కూడా ఉంటాయని మర్చిపోతుంటారు, కోడ్ అప్పుడూ ఉంటుంది.

## సభ రోజు

మధ్యలో లేచి అరుస్తుంటే ఏం చేయాలి?

ఒక్కసారి అరవడం సభలో మామూలే, పోనివ్వండి. వక్త మాట వినబడనంత అరుపైతే మోడరేటర్ లేచి నిలబడాలి. మైకులో అరవకూడదు, గొంతు తగ్గించి, "మీకు ఆఖర్న రెండు నిమిషాలిస్తాను, పేరు రాయించుకోండి" అనాలి. రెండోసారీ అదే పని చేస్తే బయటికి పంపండి, పంపే పని వలంటీర్లకి కాక సెక్యూరిటీకో లెక్చరర్లకో అప్పగించండి. కుర్రాళ్ళు చెయ్యి వేస్తే అది వేరే గొడవై కూర్చుంటుంది.

ఇంకోటి, జనరేటర్ మాట్లాడి పెట్టుకోండి. ఒకసారి సరిగ్గా వక్త ఘాటైన మాట అనబోతుంటే కరెంటు పోయింది. మామూలు కోతే. కానీ "కావాలనే తీసేశారు" అని చీకట్లో ఎవరో కేకేశారు, కుర్చీలు కదిలాయి. ఆ వక్త మాత్రం మైకు పక్కన పెట్టి, "వెనక వాళ్ళకి వినబడుతోందా అండి?" అని గొంతెత్తి అడిగారు. వెనక నుంచి, అప్పటిదాకా ఆయన్ని తిడుతున్న కుర్రాడే, "ఆయ్, వినబడతందండి" అన్నాడు. హాలంతా నవ్వింది. ప్రతిసారీ అలాంటి కుర్రాడు దొరకడు.

వక్త ఒక కులాన్ని పేరు పెట్టి తిడితే?

అక్కడికక్కడే ఆపండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ వర్గాల వ్యక్తిని నలుగురిలో కులం పేరుతో దూషించడం నేరం. మీ హాలు నలుగురూ ఉన్న చోటే. ఏ కులమైనా సరే, కుల వ్యవస్థని విమర్శించడం వేరు, మనుషుల్ని తిట్టడం వేరు. "ఆ మాట వెనక్కి తీసుకుని కొనసాగించండి" అని ఒక అవకాశమివ్వండి. కాదంటే మైకు కట్ చేయండి. ఈ సంగతి ఆహ్వానంలోనే రాసి ఉంటే ఆ క్షణంలో మీ చెయ్యి వణకదు.

ప్రశ్నలు చీటీల మీద తీసుకోవాలా, మైకు ఇవ్వాలా?

మైకే. చీటీలైతే "మా చీటీ చించేశారు" అంటారు. నిజంగానే చించుతారు కూడా, నేను చూశాను. ఒక్కొక్కరికి నిమిషం, అనుకూలంగా ఒకరు, వ్యతిరేకంగా ఒకరు. అమ్మాయిల వైపుకి మైకు మొదట పంపండి, లేకపోతే అటు వెళ్ళేసరికి టైమైపోతుంది.

చివర్లో ఓటింగ్ పెడితే మా కాలేజీ అభిప్రాయం అదేననుకోరా?

అనుకుంటారు. 1933 ఫిబ్రవరి 9న ఆక్స్‌ఫర్డ్ యూనియన్ "రాజు కోసం, దేశం కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ యుద్ధం చేయం" అనే ప్రతిపాదనని 275–153 ఓట్లతో గెలిపించింది. ఇంగ్లండు అట్టుడికింది, పిరికిపందలని తిట్టారు. ఆరేళ్ళకి యుద్ధం వస్తే అక్కడి కుర్రాళ్ళే సైన్యంలో చేరారు. ఆ సాయంత్రం ఎవరి వాదన బాగుందన్నదే ఓటు. ఫలితం ప్రకటించేటప్పుడు ఈ ముక్క మైకులో చెప్పండి, ప్రెస్ నోట్‌లోనూ రాయండి.

## సభ అయ్యాక

ముప్పై సెకన్ల క్లిప్ వైరల్ అయింది. అందులో ఆయన మాటకి అర్థమే మారిపోయింది.

పూర్తి వీడియో ఆ రాత్రే పెట్టేయండి, ఎదుటి పక్షం జవాబుతో సహా. మూడు రోజుల తర్వాత పెడితే ఎడిట్ చేశారంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కొక్కరితో వాదనకి దిగకండి. విలేకరులకి ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరూ ఎవరో ముందే అనుకోండి.

కేసు పెట్టారు, నిర్వాహకుడిగా నా పేరు కూడా రాశారు. అరెస్ట్ చేస్తారా?

కంగారు పడకండి. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో సాధారణంగా ముందు హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు, అందరూ ఇంకా 41ఏ అనే అంటున్నారు. దాన్ని తీసుకుని లాయర్‌తో కలిసి వెళ్ళండి, తప్పించుకు తిరిగితే లేని తంటా. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, మాటలకి సంబంధించి మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే ఫిర్యాదుల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ చేయడం సముచితమంది. మాట ప్రభావాన్ని నిబ్బరం గల మనుషుల కొలమానంతో చూడాలి, ప్రతిదానికీ బెదిరిపోయేవాళ్ళ కొలమానంతో కాదని కూడా అంది. ఆహ్వానం, వక్తకి పంపిన నియమాలు, స్టేషన్ ముద్రపడ్డ కాగితం, పూర్తి వీడియో, ఈ నాలుగూ ఒక ఫైల్లో పెట్టుకోండి.

మా అమ్మాయి డిబేట్‌లో మా వృత్తికే వ్యతిరేకంగా మాట్లాడింది. బంధువులు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

పక్షం లాటరీలో వస్తుందని చెప్పండి. చీటీ తీస్తే ఏది వస్తే దాని మీద మాట్లాడాలి, అదే ఆట.

భీమవరం దగ్గర ఎనిమిదెకరాల రొయ్యల చెరువు చేసే ఒకాయన ఇదే బాధతో నా దగ్గరికి వచ్చారు. చెరువులు ఆపాలనే పక్షాన మాట్లాడి కూతురు ఫస్ట్ ప్రైజ్ కొట్టింది. ఆయన వీడియో ఆపి ఆపి చూస్తున్నారు, ఒకచోట వేలు పెట్టి, "ఉప్పునీళ్ళ సంగతి ఇది తప్పు చెప్పిందండి, మా కాలవ లెక్క దానికి తెలీదు" అన్నారు. అయితే ఆ లెక్క మీరే వచ్చి చెప్పండన్నాను. మరుసటేడు ఎదుటి పక్షం వక్తగా వచ్చారు, కూతురు ముందు వరసలో కూర్చుని నోట్స్ రాసుకుంది. టీఏ ఇవ్వబోతే వద్దని, మా స్టాఫ్ రూమ్‌లో ఒక ఐస్ బాక్స్ దించి వెళ్ళారు. మంచి కౌంటు రొయ్యలు.